కెనడాను కప్పిన మనిషి

ఉన్నవాళ్లం ముగ్గురం: నేను, మా ప్రొడ్యూసర్ మేగన్, ఆంటీ. ఉన్న చోటు కెనడాలో ఒంటారియో రాష్ట్రం, కేంబ్రిడ్జ్‌లో మా కంపెనీ గోడౌన్, వెనక గోడ, ఎడమ నుంచి మూడో అలమర. అందులో ఉన్నవి: ఒహాయో నంబర్ ప్లేట్లు ఇరవై రెండు, పెన్సిల్వేనియావి పద్దెనిమిది, అన్నిటికీ వెనక అతుక్కునే పట్టీలు. పోస్టు డబ్బాలకు వేసే నీలిగుడ్డ తొడుగులు మూడు. వేగాన్ని మైళ్లలో చెప్పే రోడ్డు బోర్డులు ఐదు. ఎక్కడా లేని ఒక హార్డ్‌వేర్ దుకాణం పేరుతో ఎనిమిదడుగుల చెక్క బోర్డు ఒకటి. బిస్కెట్ల రేకు డబ్బాలో కుంచెలు పదకొండు. మడత స్టూలు. అడుగున అంగుళం మిగిలిన చింతకాయ తొక్కు సీసా.

మేగన్ సీసా మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేసింది. "ఇది మాత్రం పారెయ్యకండి" అంది, మా ఇద్దరిలో ఎవరితో అన్నదో తేల్చకుండా.

అవన్నీ ఆంటీ భర్త అంకుల్‌వి. ఆయన మార్చిలో పోయారు. అలమర ఖాళీ చేసే పని అప్పటి నుంచీ ఉంది. ఆంటీ వచ్చేదాకా ఆగుదామని మేగనే ఆపింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒప్పుకునేవారు కాదు. నిజామాబాద్‌లో ఇరవై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. అక్కడ ప్రతి ఆర్టిస్టూ బోర్డు కింద మూలన తన పేరు చిన్నగా రాసుకుంటాడు. ఈయన రాసుకోలేదట. "దుకాణం వానిది, పైసలు వానియి, గోడ వానిది. నడుమ నా పేరెందుకు?" అనేవారు. ఆంటీకి నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట కెనడా వచ్చారు. సెట్‌లో అందరూ, తెల్లవాళ్లతో సహా, అంకుల్ అనే పిలిచేవాళ్లు. కొత్తగా వచ్చిన కెమెరామన్ ఒకాయన ఆయన అసలు పేరే అదనుకుని, ఆ రోజు పనిలో ఎవరెవరో రాసే కాల్ షీట్‌లో అలాగే వేయించాడు. ఆ కాగితాన్ని అంకుల్ చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగారు.

మా కంపెనీ చిన్నది. పర్మనెంటు ఉద్యోగులు తొమ్మిది మంది. ఏడాదికి ఒక చిన్న సినిమా తీస్తాం, మిగిలిన రోజుల్లో ప్రకటనలు. ప్రకటనల్లో సగానికి పైగా అమెరికా కంపెనీలవి. వాళ్లకు ఒక అమెరికన్ వీధి కావాలి. మా దగ్గర నది ఒడ్డున పాత రాతి కట్టడాలున్న వీధి ఒకటి ఉంది. ఆ వీధిలోంచి కెనడాను తీసేస్తే ఒహాయో మిగులుతుంది. ఆ తీసేయడం అంకుల్ పని. నేను ఆయనకు అసిస్టెంటును.

మొదటి రోజు నా చేతికి ఒక క్లిప్‌బోర్డు ఇచ్చి వీధి చివర నిలబెట్టారు.

"ఇక్కడ్నుంచి చూడు. కెనడా యాడయాడ కనబడుతున్నదో రాయి."

పది నిమిషాల్లో తొమ్మిది రాశాను. జెండా, ఎర్ర పోస్టు డబ్బా, కార్ల నంబర్ ప్లేట్లు, కిలోమీటర్ల బోర్డు, ఇంకో ఐదు. ఆయన నా కాగితం చూశారు. కాగితం వెనక్కి తిప్పి తన చేత్తో ఇంకో పద్నాలుగు రాశారు. చెత్తడబ్బా మీద రెండు భాషల్లో రాత. పెట్రోలు బంకులో లీటరు ధర. మంచు ఎత్తే రోజుల్లో పార్కింగ్ వద్దనే నోటీసు మీద ఊరి ముద్ర. ఒక ఇంటి మెట్ల మీద ఖాళీ పాల సంచి.

"పాల సంచి కూడానా అండి?"

"ఒహాయోల పాలు గిట్ల సంచీల అమ్మరు. టీవీల చూసెటోళ్లల్ల అది పట్టుకునెటోడు ఒక్కడుంటడు. వాని కోసమే మనకు జీతం."

నేను మెకానికల్ ఇంజనీర్ని. జాబితా అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గదిలో నా వస్తువులకు నంబర్లు ఉండేవి. అందుకని ఈ పని నాకోసమే పుట్టిందనిపించింది. ఆ మాట ఆయనతో అంటే, "అట్లెట్ల? నువ్వు లిస్టు మంచిగ రాస్తవు. పని లిస్టుల ఉండదు, ఈడుంటది" అని చెయ్యి పైకెత్తి చూపించారు. చూపించింది అరచెయ్యి కాదు, వేళ్ల వెనక వైపు.

ఆ వేళ్ల వెనక వైపే ఆయన పనంతా. కప్పిన ప్రతి వస్తువునూ చూపుడువేలి కణుపుతో ఒకసారి ముట్టుకునేవారు. పోస్టు డబ్బా తొడుగు, రోడ్డు బోర్డు, ఒక్కో కారు దగ్గర కూర్చుని ఒక్కో నంబర్ ప్లేటు. ముట్టుకున్నాకే లిస్టులో టిక్కు. బోర్డులు రాసే రోజుల్లో వచ్చిన అలవాటట. "రంగు ఆరిందా లేదా కంటికి తెల్వది. వేలుతోటి ముట్టుకుంటే ముద్ర పడ్తది. వేలి వెనకతోటి ముట్టుకుంటే రంగుకి తెల్వది, నీకు తెలుస్తది." కంటి మీద ఆయనకు నమ్మకం లేదు. కళ్లు రోజూ చూసేదాన్ని చూడటం మానేస్తాయనీ, చెయ్యి ఎన్నిసార్లు ముట్టుకున్నా కొత్తగానే ముట్టుకుంటుందనీ చెప్పేవారు.

మిగతా కంపెనీల సెట్లలో కెమెరా మొదలయ్యే ముందు "లాస్ట్ లుక్స్" అని కేకేస్తారు. ఒకసారి అన్నీ చూసుకోండి అని అర్థం. మా సెట్‌లో మాత్రం "లాస్ట్ టచ్" అంటారు. ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియదు. అసిస్టెంట్ డైరెక్టర్ ఆ కేక వేయగానే వీధంతా ఆగిపోయేది. లైట్ల వాళ్లు, మేకప్ అమ్మాయి, నటులు, అందరూ నిలబడి చూస్తుండగా గోధుమరంగు స్వెట్టర్ వేసుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న పెద్దాయన ఒకరు వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా వస్తువులను ముట్టుకుంటూ నడిచేవారు. తొందరపడేవారు కాదు. ఆఖరున లిస్టు మీద నా పొట్టి సంతకం, దాని పక్కన ఆయనది. రెండూ పడ్డాకే కెమెరా.

షూటింగ్ అయ్యాక విప్పేటప్పుడు ఆయన వేరే మనిషి. పోస్టు డబ్బా తొడుగు లాగేసి, దాని నెత్తిన ఒకటి తట్టి "సారీ" అనేవారు, ఇంగ్లిషులో. జెండా కర్రకు సారీ. స్పీడు బోర్డుకు సారీ.

"పోస్టు డబ్బాకి సారీ ఏంటండి?"

"పొద్దుగాల్నుంచి దాని మొకం మీద గుడ్డేసి ఉంచితిమి. ఈ దేశంల కాలు తొక్కించుకున్నోడే సారీ చెప్తడు, తొక్కినోడు చెప్పకుంటే ఎట్ల?"

హార్డ్‌వేర్ దుకాణం బోర్డు కథ మా కంపెనీలో అందరికీ తెలుసు. ఒక చిన్న సినిమా కోసం, ఖాళీగా ఉన్న ఒక షాపు ముందు పెట్టడానికి ఆ బోర్డు రాశారు. ప్రింటు చేయించుకుందామంటే వినలేదు. చేతికి ఆనుకునే సన్నకర్ర ఒకటి పట్టుకుని రెండు రోజులు రాశారు. మూడో రోజు దాన్ని గరుకు కాగితంతో రుద్ది, టీ నీళ్లు చల్లి, నలభై ఏళ్ల బోర్డు చేశారు. మర్నాడు పొద్దున షూటింగ్‌కి సర్దుతుంటే వీధిలో ఉండే ముసలాయన ఒకరు తలుపు తీసుకుని లోపలికొచ్చి మేకులు కావాలన్నాడు.

"సారీ సార్" అన్నారు అంకుల్, "ఇవాళ మేం ఒహాయోల ఉన్నం."

ముసలాయన వీధి వైపు చూశాడు. అంకుల్ వైపు చూశాడు. "తిరిగి ఎప్పుడొస్తారు?"

"నాలుగింటికి."

నాలుగింటికి ముసలాయన నిజంగానే వచ్చాడు. అంకుల్ తన రేకు డబ్బాలోంచి గుప్పెడు మేకులు తీసి కాగితంలో చుట్టి ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనం కంపెనీ తరఫున అందరికీ వచ్చేది. ఆయన మాత్రం ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చుకునేవారు. చింతకాయ తొక్కు సీసా గోడౌన్‌లోనే ఉండేది. లైట్ల వాళ్లు ఉప్పు బిస్కెట్ల మీద రాసుకుని తిని, కళ్లు తుడుచుకుని, మళ్లీ వచ్చేవాళ్లు. నాకు పెట్టేటప్పుడు మాత్రం ఒక మాట తప్పేది కాదు. "మీ కోస్తోళ్లు ఎర్రగ ఉంటెనే కారం అనుకుంటరు." నేను "అవునండి" అంటే, "నువ్వు అండి అన్నప్పుడల్ల ఒక సెకండ్ పోతది. రోజుకు ఎన్ని సెకండ్లు పోతున్నయో నీ ఎక్సెల్‌ల రాయి" అనేవారు. ఒక రోజు నిజంగానే లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి అరవై ఒకటి. చెప్తే కుర్చీలోంచి పడేంత నవ్వారు.

అప్పట్లో నేను లెక్కపెట్టుకునేది ఇంకోటి ఉంది. ఇక్కడ రెండేళ్లు చదివాక వచ్చిన వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేయాలంటే కెనడాలో ఏడాది పని అనుభవం చూపించాలి. గంటల్లో 1,560. వారానికి ముప్పైకి మించి లెక్కలోకి రావు. సినిమా పనుల్లో దాదాపు అందరూ రోజు కాంట్రాక్టు మీదే ఉంటారు, సొంతంగా చేసుకునే పనిగా చూస్తారు కాబట్టి ఆ గంటలు చెల్లవు. మేగన్ నన్ను ఉద్యోగిగా పేరోల్‌లో పెట్టింది. అందుకే వేరే ఎక్కడికీ పోలేదు. షూటింగులు లేని వారాల్లో ఇరవై గంటలే వచ్చేవి, పదిహేను కూడా. పర్మిట్ అయిపోయే తేదీ ఒక వైపు నుంచి, 1,560 ఇంకో వైపు నుంచి వస్తున్నాయి. ఏది ముందు వస్తుందో ప్రతి శుక్రవారం ఫోన్‌లో చూసుకునేవాణ్ని.

ఆ సంగతి అంకుల్‌కు పైపైన తెలుసు. "అయినయా?" అని అడిగేవారు అప్పుడప్పుడు. "ఇంకా లేదండి" అనేవాణ్ని.

ఏడాది గడిచేసరికి పని నాకు వచ్చేసిందనుకున్నాను. కాగితం లిస్టు తీసేసి టాబ్లెట్‌లో ఒక షీటు తయారు చేశాను. కప్పిన ప్రతి వస్తువుకూ ఒక ఫోటో, ఫోటో పడగానే గడి పచ్చగా మారుతుంది. మేగన్‌కి నచ్చింది. అంకుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మంచిగున్నది. ఫోటో దిగినాంక అది అట్లనే ఉంటదా?" అని అడిగారు. ఉండక ఎక్కడికి పోతుందండి అన్నాను. ఆయన పట్టుబట్టి కాగితం లిస్టును కూడా ఉంచారు, రెండు సంతకాలతో.

అదే సమయంలో ఆయన తీరు కొద్దిగా మారింది. కార్ల నంబర్ ప్లేట్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. తరువాత అదీ లేదు. "నువ్వు ముట్టు, నేను చూస్త" అనేవారు. నన్ను నమ్ముతున్నారనుకుని లోపల గర్వపడ్డాను.

ఆ రోజు ఒక అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ ప్రకటన. ఒక ఇంటి మెట్లు దిగుతూ ఒకావిడ నవ్వుతుంది, వెనక వీధి కనబడుతుంది. వీధిలో ఇళ్లవాళ్లవే పద్నాలుగు కార్లు, వాళ్ల అనుమతితోనే. పొద్దున ఏడూ నలభైకి పద్నాలుగింటికీ ఒహాయో ప్లేట్లు అతికించి ఫోటోలు తీశాను. తొమ్మిదిన్నరకు "లాస్ట్ టచ్" అన్నారు. అంకుల్ కెమెరా పక్కన ఒక బోర్డు మీద రంగు దిద్దుతున్నారు. "నువ్వు పొయ్యిరా" అన్నారు.

నేను వీధి మలుపులో నిలబడి టాబ్లెట్ చూశాను. అన్ని గడులూ పచ్చగా ఉన్నాయి. తలెత్తి కార్లు లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. వాటి వరసా రంగులూ ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. కాగితం మీద పద్నాలుగు టిక్కులు పెట్టి సంతకం చేసి వెనక్కి వచ్చాను.

అంకుల్ కాగితం తీసుకుని నా మొహంలోకి చూశారు.

"ముట్టినవా?"

"అన్నీ అయ్యాయండి."

ఒక్క క్షణం పెన్సిలు ఆగింది. సంతకం పెట్టారు.

జరిగింది తరువాత తెలిసింది. తొమ్మిదో కారు బూడిదరంగుది. దాని యజమాని వాళ్ల అమ్మను డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చి, మేం అతికించిన ప్లేటు పాడు చేయకుండా ఊడదీసి, శుభ్రంగా తుడిచి, తన ఇంటి మెట్ల మీద పెట్టి వెళ్లాడు. ఆ ఖాళీలో పక్కింటి వాళ్లు తమ కారు పెట్టారు. అదీ బూడిదరంగే. దానికి ఉన్నది ఒంటారియో ప్లేటు. ప్రకటనలో ఆవిడ మెట్లు దిగి నవ్వే మూడు సెకన్లూ ఆమె భుజం పక్కన అది స్పష్టంగా కనబడుతుంది. ఎడిటింగ్‌లో మేమెవరం పట్టుకోలేదు. అమెరికాలో క్లయింటు ఆఫీసులో ఒకడు పట్టుకున్నాడు.

కంప్యూటర్‌లో ఆ ప్లేటు మార్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. నష్టం అది కాదు. "ఇంకా ఏమేం వదిలేశారు?" అని వాళ్లు అడిగారు. మేం తీయాల్సిన తరువాతి రెండు ప్రకటనలు ఆపేశారు. మా వేసవి ఖర్చులన్నీ ఆ రెండిటి మీదే నడవాలి. టిక్కులు పెట్టింది ఎవరో చెప్పమని మేగన్ శుక్రవారం అంకుల్‌కు, నాకు కబురు చేసి, సోమవారం పదింటికి మీటింగ్ పెట్టింది. పెట్టినవాణ్ని తీసేస్తేనే క్లయింటుకు మొహం చూపించగలనని ముందే చెప్పింది.

సోమవారం తొమ్మిదింటికి గోడౌన్‌కి వెళ్లాను. అంకుల్ కుంచెలు కడుగుతున్నారు.

"అంకుల్, నేను ముట్టుకోలేదు. మలుపులో నిలబడి టిక్కులు పెట్టేశాను."

"ఎరుక."

"ఎవరు చెప్పారండి?"

"నువ్వే చెప్పినవు. ముట్టినవా అని అడిగితే అయ్యాయండి అన్నవు. ముట్టినోడు ముట్టిన అంటడు."

నాకు వచ్చిన మాట ఇది: "ఇంకా రెండొందల పద్నాలుగు గంటలు ఉన్నాయండి నాకు. పర్మిట్ పదకొండు వారాల్లో అయిపోతుంది." సిగ్గుపడాల్సిన మాట. అప్పుడు సిగ్గు అనిపించలేదు.

ఆయన కుంచె దులిపి డబ్బాలో పెట్టారు. "తెలిసి కూడ సంతకం పెట్టిన గద? ఎందుకు పెట్టిన? నేను పొయ్యి ముట్టాలె. పద్నాలుగు కార్లు. వంగాలె. నేను వంగలేను బిడ్డా. నొప్పులు మొదలై రెండేండ్లాయె. ఎవ్వరికీ చెప్పలే."

"చెప్తే ఏమవుతుంది?"

"సెట్ మీదికి రానియ్యరు" అన్నారు. చేతులు తుడుచుకుంటూ ఇంకోసారి అన్నారు, నాతో కాదు. "సెట్ మీదికి రానియ్యరు."

పదింటికి మేగన్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. అంకుల్ ఇంగ్లిషు ఆయన రాసిన బోర్డులలాగే ఉండేది. మాటలు తక్కువ, అక్షరాలు పెద్దవి.

"టిక్కులు ఎవరు పెట్టారు?" అంది మేగన్.

"ఇతను. ముట్టుకోకుండా పెట్టాడు. నాకు తెలుసు. తెలిసి నేను సంతకం పెట్టాను."

"తెలిసి ఎందుకు పెట్టారు?"

ఆయన లేచారు. రెండు చేతులతో ఆమె బల్ల అంచు పట్టుకుని, కారు ముందు కూర్చున్నట్టు కూర్చోబోయారు. మూడో వంతు దిగి ఆగిపోయారు. అలా ఆగినవారు కిందికి పోలేక, పైకి రాలేక ఉన్నారు. మేగన్ బల్ల చుట్టూ తిరిగొచ్చి ఒక చెయ్యి పట్టుకుంది, నేను ఇంకో చెయ్యి పట్టుకున్నాను. లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. ఊపిరి అందాక ఆయన అన్నారు: "ఇందుకు."

మేగన్ తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. సెట్ మీద పని చేసేవాళ్లందరి ఆరోగ్యం గురించి కంపెనీ ఒక ఫారం నింపి సంతకం పెట్టాలి. విన్నాక విననట్టు ఉండటం ఆమెకు కుదరదు. నా వైపు తిరిగి, "ఈయన మోకాళ్ల సంగతి నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలియదు" అన్నాను. గంట ముందు దాకా అది నిజం.

"క్లయింటుకు నువ్వు ఒక మనిషిని చూపించాలి" అన్నారు అంకుల్ ఆమెతో. "సెట్ నుంచి ఒకడు పోయాడని చెప్పు. అది నేను. ముప్పై ఏళ్లు చేసినవాణ్ని తీశావంటే వాళ్లకు ఇతన్ని తీసినదానికన్నా ఎక్కువ నమ్మకం. ఇతన్ని ఉంచు. ఇతనికి చేతులున్నాయి, మోకాళ్లున్నాయి. శుక్రవారం నుంచి భయం కూడా ఉంది. కొత్తవాడికి ఇవన్నీ ఉండవు."

నేను ఏదో ఒకటి అనాలి. తప్పు నాది, ఆయన్ను ఉంచండి అనాలి. ఆ వాక్యం నా దగ్గర పూర్తిగా తయారుగా ఉంది, ఇంగ్లిషులో, వ్యాకరణంతో సహా. మేగన్ నా వైపు చూసి ఆగింది కూడా. ఆ ఆగిన కాసేపట్లో నేను లెక్క వేసుకున్నాను. పదకొండు వారాలు, 214 గంటలు, వారానికి పంతొమ్మిదిన్నర. సరిపోతుంది. నేను ఏమీ అనలేదు.

అలా అంకుల్ గోడౌన్ మనిషయ్యారు. బోర్డులు రాసేవారు, ప్లేట్ల వెనక పట్టీలు మార్చేవారు, తొడుగులు ఉతికించేవారు. "మంచిదే అయింది, చలిల నిలబడే బాధ తప్పింది" అని అందరితో అనేవారు. పొద్దున నేను ట్రక్కులో సామాను ఎక్కిస్తుంటే షట్టరు దాకా వచ్చి, గడప దగ్గరే ఆగేవారు. సాయంత్రం తిరిగి వస్తే ఒకే ప్రశ్న.

"ఎన్ని?"

"నలభై మూడండి."

"ఎన్ని ముట్టినవు?"

"నలభై మూడు ముట్టాను."

తల ఊపి మళ్లీ పనిలో పడేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించానని కూడా అనలేదు. ఒకసారి నేను ఆ సోమవారం సంగతి ఎత్తబోతే, "ఆ పసుపు డబ్బా ఇటియ్యి" అన్నారు. ఇంకోసారి ఎత్తలేదు.

ఈమధ్య షూటింగుల్లో నిలబడి ఉన్నప్పుడు ఆయన ఎక్కువగా గుర్తొస్తారు. ఇప్పుడు ఆ వీధి పని నాదే. కేక వేయగానే అందరూ ఆగిపోయి నన్ను చూస్తారు. పోస్టు డబ్బాకి నేను సారీ చెప్పను, నాకు నప్పదు. మా కొత్త మేకప్ అమ్మాయి చెప్తుంది. ఆమె ఆయనను సెట్ మీద చూడనే లేదు, మా దగ్గర చేరేసరికి ఆయన గోడౌన్‌లో ఉన్నారు. లైట్ల వాళ్ల దగ్గర నేర్చుకుందట.

అలమర ఖాళీ చేశాక ఆంటీని ఓక్‌విల్‌లో వాళ్లింటి దగ్గర దింపడానికి నేను బయలుదేరాను. ఆవిడ కుంచెల డబ్బా ఒళ్లో పెట్టుకున్నారు. హైవే ఎక్కాం.

"మోకాళ్లకు ఆపరేషన్ డేట్ ఒచ్చిండె, నీకు తెలుసా?" అన్నారు.

"తెలియదు ఆంటీ. ఎప్పుడు?"

"మీ దగ్గర ఆ లొల్లి కాకముందే. పోలే. చేయించుకుంటే ఆర్నెల్లు ఇంట్ల కూసోవెడ్తరు, సెట్ మీద వేరేటోణ్ని పెట్టుకుంటరు అన్నడు. నర్సును నేనుండి కూడ చెప్పి చెప్పి యాష్టకొచ్చిన."

"ఆ తరువాతైనా చేయించుకోవాల్సింది కదా."

"ఆ తర్వాత ఎందుకన్నడు. గోడౌన్‌ల వంగే పనేముంది అన్నడు."

ఒక ట్రక్కు మమ్మల్ని దాటిపోయింది. ఆంటీ డబ్బా మూత సరిగ్గా నొక్కారు.

"ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినుకుంట ఒక్కటే మాటన్నడు. పిలగానికింక రెండొందల పద్నాలుగు గంటలున్నయంట అన్నడు. నా పుట్టినరోజు యాదికుండదు గని ఇదెట్ల యాదికున్నదని నవ్విన." నా వైపు తిరిగారు. "అయినయా బిడ్డా, నీ గంటలు?"

"అయ్యాయి ఆంటీ. పీఆర్ వచ్చి కూడా చాన్నాళ్లయింది."

"ఆయనకు చెప్పినవా?"

చెప్పాను. ఉత్తరం వచ్చిన రోజే గోడౌన్‌కి వెళ్లి చెప్పాను. ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపారు, లేవడానికి కొంత సమయం పట్టింది.

ఆ సోమవారం నుంచి నా పర్మిట్ చివరి రోజు దాకా పదకొండు వారాలు. ఆ వారాల్లో నా లెక్కలో చేరిన గంటలు 221, కావలసినదానికన్నా ఏడు ఎక్కువ. అదే పదకొండు వారాల్లో సెట్ మీద ఆయన గంటలు 0.